ఫలక్‌నుమా లోపల: ఒక సౌధంలోని వస్తువులు చెప్పే విజ్ఞాన చరిత్ర

హైదరాబాదు పాతనగరంలో చార్మినారుకు దక్షిణంగా సుమారు మూడు మైళ్ళు పోతే ఒక రాతిగుట్ట వస్తుంది. ఆ గుట్టమీద తెల్లని సౌధమొకటి ఉన్నది. పేరు ఫలక్‌నుమా. ఫలక్ అంటే ఆకాశం; నుమా అంటే చూపేది, పోలినది అని అర్థం. దీనిని కట్టించినవాడు పైగా వంశీయుడైన నవాబు సర్ వికారుల్ ఉమ్రా. ఆయన ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు బావ. 1893 నుండి 1901 వరకు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రి. 1884 మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగింది. కట్టడమూ, లోపలి అలంకరణా ముగిసేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది. నమూనా గీసినవాడు విలియం వార్డ్ మారెట్ అనే వాస్తుశిల్పి. పైనుంచి చూస్తే ఆకారం తేలువలె ఉంటుందని చెబుతారు.

విక్టోరియా రాణి 1837 నుండి 1901 వరకు ఇంగ్లండును ఏలింది. ఆ కాలంలో లేచిన పెద్ద ఇళ్ళను విక్టోరియా కాలపు సౌధాలంటారు. వాటికి ఒక్కటే శైలి అంటూ లేదు. ఒకడు గ్రీకు స్తంభాలు ఎత్తితే మరొకడు కోటబురుజులు కట్టాడు. మా మడకశిరవారికి హైదరాబాదు కంటె బెంగుళూరే దగ్గర. 1878 నాటి బెంగుళూరు ప్యాలెస్ ఇంగ్లండులోని ట్యూడర్ రాజుల కాలపు వేషం వేసుకొని నిలబడి ఉంటుంది. ఫలక్‌నుమాలో ఇటలీ పద్ధతీ, ట్యూడర్ పద్ధతీ కలిసినవి. కాని ఈ ఇళ్ళన్నిటికీ పైవేషంతో పనిలేని పోలిక ఒకటి ఉన్నది. భూమి నాలుగు చెరగుల సరుకునూ ఒక కప్పు క్రిందికి చేర్చడమే అది. ఆవిరి ఓడ, రైలు, రాతినీ లోహాన్నీ కోసే యంత్రం, రసాయన పరిశ్రమ: ఈ నాలుగూ లేకుండా అట్టి ఇల్లు పుట్టదు. కాబట్టి అందులో తిరగడమంటే పందొమ్మిదవ శతాబ్దపు విజ్ఞానశాస్త్రం లోపల తిరగడమే. చూపించేవారు మాత్రం సాధారణంగా ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో చెబుతారు గాని, ఆ కుర్చీ ఎదుట ఉన్న అద్దం ఎట్లా తయారయిందో చెప్పరు.

లోపల అడుగు పెట్టగానే కాలికి తగిలేది పాలరాయి. ఇటలీనుండి వచ్చినది. ఇంత బరువు హైదరాబాదు చేరిందంటే రెండు తేదీలు జ్ఞాపకం తెచ్చుకోవాలి. సూయెజ్ కాలువ 1869లో తెరిచారు. వాడి నుండి సికిందరాబాదుకు నిజాము రైలు 1874లో వచ్చింది. ఈ రెండూ జరిగిన పదేళ్ళకే గుట్టమీద పునాది పడింది. అంతకు యాభై ఏళ్ళ ముందు ఇదే కోరిక పుట్టి ఉంటే, ఆ రాయి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి, రేవులో దిగి, ఎడ్లబండ్లపై కనుమలెక్కి రావలసి వచ్చేది.

పాలరాయి అంటే ఏమిటి? సముద్రగర్భంలో పేరుకొన్న సున్నపురాయి భూమి అడుగున వేడికీ, ఒత్తిడికీ లోనై, తన కణాలను తిరిగి స్ఫటికాలుగా పేర్చుకొన్న రూపాంతర శిల. మన ఇళ్ళలోని కడప బండ, హైదరాబాదు ఇళ్ళలోని షాబాదు బండ కూడా సున్నపురాళ్ళే. అవి ఆ మార్పు పొందలేదు. రసాయనశాస్త్రం దృష్టిలో నవాబుగారి మెట్లూ, మన వంటింటి గట్టూ ఒకే కులం: రెండూ ముఖ్యంగా కాల్షియం కార్బనేటు. విద్యార్థులు కడప బండ ముక్కను గీకి, ఆ పొడిమీద నిమ్మరసం పిండి చూడవచ్చు. బుడగలు వస్తవి; అది బొగ్గుపులుసు వాయువు. అదే నిమ్మరసం మా మడకశిర కొండరాతిమీద ఎంత పిండినా బుడగ రాదు. ఆ రాయి, ఫలక్‌నుమా గుట్టరాయివలెనే, పలుగురాయీ ఫెల్‌స్పారూ కలిసిన గ్రానైటు. ఈ గ్రానైట్ల వయస్సు రెండువందల యాభై కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంత పాతరాతి గుట్టమీద కూర్చుండి, దానికంటె ఎంతో చిన్నదైన రాతిని సముద్రాలు దాటించి తెచ్చుకొన్నారన్నమాట.

పాలరాతిమీద వట్టికాళ్ళతో నడిస్తే చల్లగా ఉంటుంది. ప్రక్కనున్న చెక్కమీద నడిస్తే ఉండదు. ఉష్ణమాపకం పెట్టి చూస్తే రెండింటి వేడీ ఒకటే. తేడా ఎక్కడున్నది? రాయి చెక్కకంటె పదిహేను, ఇరవై రెట్లు వేగంగా వేడిని అరికాలి నుండి లాగివేస్తుంది. చల్లదనం అనే గుణం రాతిలో లేదు. మన కాలు కోల్పోయే వేడిలో ఉన్నది. ఉష్ణవాహకత్వం పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

వేసవి విషయం వచ్చింది గనుక ఒక మాట. ఎత్తయిన కప్పు, మందమైన గోడ, గుట్టమీది గాలి, ఇవే ఈ ఇంటిని చల్లగా ఉంచే ఉపాయాలు. మా సీమలోని పాత మిద్దెలు చూడండి. రాతిగోడ మూరెడు మందం. పైన దూలాలు, దంతెలు, వాటిమీద చౌడుమన్ను. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి వచ్చేసరికి ప్రొద్దు క్రుంకుతుంది. తక్కువ ఎత్తు, చిన్న కిటికీ, మట్టికప్పు. ఖర్చులో పోలిక లేకపోయినా పనిలో మిద్దె ఏమంత వెనుకబడినది కాదని నా అభిప్రాయం.

మెట్లప్రక్క గోడలమీద బ్రిటిష్ గవర్నర్ జనరళ్ళ చిత్రాలు వరుసగా ఉన్నవి. వాటిని దాటి పై అంతస్తుకు పోతే చూపు పైకి పోతుంది. కప్పునుండి వ్రేలాడే గాజుదీపపు గుత్తులు అక్కడ కనిపిస్తవి. వీటిలో 138 కొమ్మలున్న గుత్తులు పేరుపొందినవి. చేసినవారు బర్మింగ్‌హాం నగరంలోని ఆస్లర్ కంపెనీవారు. 1807లో మొదలయిన ఈ కంపెనీ 1840 ప్రాంతాల నాటికే కలకత్తాలో దుకాణం తెరిచింది. మన సంస్థానాధీశులంతా దానికి ఖాతాదార్లు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో స్ఫటిక సౌధం నడిమధ్య 27 అడుగుల ఎత్తున, నాలుగు టన్నుల గాజుతో, నీటిబుగ్గ నొకదానిని నిలిపినది వీరే.

ఆ ప్రదర్శనశాలకు మూడు లక్షలకు దగ్గరగా గాజుపలకలు పట్టినవి. అంత గాజు ఎట్లా సాధ్యమయింది? ఇంగ్లండులో గాజుమీద పన్ను ఉండేది. దానిని 1845లో ఎత్తివేశారు. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత అని మరొక పన్ను 1696 నుండి ఉండేది. దానిని 1851లో తీసివేశారు. పన్నుకు భయపడి కిటికీలు ఇటుకతో మూసుకొన్న ఇళ్ళు ఆ దేశంలో నేటికీ కనిపిస్తవి. వెలుతురు మీద పన్ను వేస్తే జనం చీకట్లో కూర్చుంటారని తెలియడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది! విక్టోరియా కాలపు ఇంటిలో పెద్ద కిటికీ కనబడితే అది సౌందర్యదృష్టి ఒక్కటే కాదు, చౌకపడిన గాజుకూడా.

దీపపు గుత్తిలో వాడేది మామూలు గాజు కాదు. 1674లో జార్జి రేవెన్స్‌క్రాఫ్ట్ అనే ఆంగ్లేయుడు గాజులో సీసపు భస్మం కలిపే పద్ధతికి హక్కు పొందాడు. సీసం కలిసిన గాజు బరువు, మెత్తన. చక్రంమీద కోయడానికి అనుకూలం. దాని వక్రీభవన గుణకమూ ఎక్కువే. నీటికి 1.33, మామూలు గాజుకు 1.52 ప్రాంతంలో ఉంటే, సీసపు గాజుకు 1.6 దాకా పోతుంది. అంతకు మించినది, ఈ గాజులో ఎరుపుకూ, నీలానికీ వంగే కోణాల్లో తేడా హెచ్చు. అందువల్ల కోసిన ప్రతి గాజుబిళ్ళా ఒక పట్టకంగా పనిచేసి, క్రింద నడిచేవాని కంటికి ఒక్కొక్క అడుగులో ఒక్కొక్క రంగు విసురుతుంది. మనిషి నిలబడితే మెరుపు తగ్గుతుంది, కదిలితే హెచ్చుతుంది. అందుకే ఈ గుత్తులను జనం తిరుగాడే చోట కట్టారు.

ఎదుటి గోడలకు నిలువుటద్దాలు. పూర్వం అద్దం వెనుక తగరమూ, పాదరసమూ కలిపి పూసేవారు. ఆ పాదరసపు ఆవిరి పీల్చిన పనివారికి చేతులు వణికేవి, పళ్ళు ఊడేవి. 1835లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ వెండి లవణాన్ని ఆల్డిహైడుతో క్షయకరించి గాజుమీద వెండిపొరను నిలపడం కనుగొన్నాడు. కళాశాల ప్రయోగశాలలో ఆల్డిహైడును గుర్తించడానికి మనం పరీక్షనాళికలో చేసే వెండి అద్దం పరీక్ష ఇదే. అయినా పాదరసపు పద్ధతి వెంటనే పోలేదు, అది చౌక. ప్రాణాపాయం లేని పద్ధతి తెలిసిన తరువాతకూడా పాతది కొన్ని దశాబ్దాలు సాగింది.

గుత్తులలో ఏమి వెలిగేది అన్న ప్రశ్నకు ఆ శతాబ్దంలో మూడు జవాబులున్నవి: క్రొవ్వొత్తి, బొగ్గుగ్యాసు, విద్యుత్తు. 1792లో మర్డాక్ తన ఇంటిలో గ్యాసు దీపం వెలిగించాడు. అది వెలుతురుతోబాటు మసినీ, గంధకపు వాయువులనూ ఇచ్చింది. లండనులోని ఎథినియం క్లబ్బులో పుస్తకాల తోలు అట్టలు పొడిపొడి కాసాగితే, ఫారడే అంతటివాడు పూనుకొని, ఆ దోషం గ్యాసుదని తేల్చి, పొగ బయటికి పోయే దీపాన్ని కల్పించి ఇచ్చాడు. ఇంగ్లండు ఉత్తర భాగంలో క్రాగ్‌సైడ్ అనే సౌధం యజమాని ఆర్మ్‌స్ట్రాంగ్ తన తోటలోని నీటితో డైనమో త్రిప్పి, 1880లో స్వాన్ బల్బులతో ఇల్లు వెలిగించాడు. మరుసటి సంవత్సరం హాట్‌ఫీల్డ్ భవనంలో సాల్స్‌బరీ ప్రభువు అదే పని చేశాడు. అక్కడి తీగలకు తొడుగు లేదు. విందు సమయంలో పైన నిప్పురవ్వలు లేస్తే క్రింద కూర్చున్నవారు దిండ్లు విసిరి ఆర్పి, మళ్ళీ మాటల్లో పడేవారట. ఫలక్‌నుమాకు పునాది వేసినది ఈ ముచ్చట జరిగిన మూడేళ్ళకు.

ఇక భోజనశాల. ఈ ఇంటికి వచ్చినవారెవరైనా దీనిని గూర్చే ముందు చెబుతారు. బల్ల పొడవు 108 అడుగులు. 101 మంది ఒకేసారి కూర్చోవచ్చు. ప్రక్కకు యాభై మంది చొప్పున లెక్కవేస్తే మనిషికి సుమారు 26 అంగుళాల చోటు వస్తుంది, అంటే మోచేతులు తగలకుండా తినడానికి సరిపోయేటంత. 1906లో ఇంగ్లండు యువరాజు, తరువాత అయిదవ జార్జి అయినవాడు, హైదరాబాదు వచ్చినప్పుడు ఈ సౌధంలో బస చేశాడు.

ఈ బల్ల ఎదుట నిలబడిన మడకశిర మనిషికి ఇంకొక లెక్క తట్టకుండా ఉండదు. ఇక్కడ కొంచెం ఆగాలి.

పునాదికి ఎనిమిదేళ్ళ ముందు, 1876లో వానలు తప్పినవి. 1878 వరకు సాగిన ఆ కరువును మనవారు ధాత కరువు అన్నారు. అప్పటికి మడకశిర బళ్ళారి జిల్లాలోనిది (అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది, 2022 నుండి మాది శ్రీ సత్యసాయి జిల్లా). మద్రాసు రాజధానిలో బళ్ళారి అన్నిటికంటె ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. కరువు నడిమధ్య, 1877 జనవరి 1వ తేదీన, లిట్టన్ ప్రభువు ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. పదకొండేళ్ళు కూడా నిండని మహబూబ్ అలీఖాను ఆ దర్బారుకు హాజరయినాడు. ఆ నెలలోనే ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువుపని కూలిని తగ్గించాడు. అంతకు ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చు పెట్టాడని పైవారిచేత మాటపడినవాడు ఆయన. రోజంతా మట్టి మోసిన మగవానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవారికీ, పిల్లలకూ అంతకంటె తక్కువ.

ఒక పౌను ధాన్యమంటే 454 గ్రాములు. నేటి లెక్కలో సుమారు 1,600 కిలోకేలరీలు. గట్టి శరీరశ్రమ చేసే మనిషికి మూడువేల వరకు కావాలి. ఆనాటికి ఆహారాన్ని కేలరీలలో కొలిచే అలవాటు లేదు. అయినా లీబిగ్ తరువాత నత్రజని గల పదార్థాల అవసరం వైద్యులకు తెలుసు. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టరు కార్నిష్ ఈ ఒక్క పౌనును ఎదిరించాడు. పౌనున్నర ధాన్యమూ, దానితో పప్పూ, కూరలూ ఉండాలనీ, లేకపోతే పనిచేస్తూనే మనుషులు శుష్కిస్తారనీ వాదించాడు. శిబిరాల్లో బక్కచిక్కిన శరీరాలే ఆయన సాక్ష్యం. కొన్ని వారాలకు ప్రభుత్వం సగందూరం దిగివచ్చి 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు అని నిర్ణయించింది. ఆ సగందూరం కూడా వాదన లేకుండా వచ్చినది కాదు. లీబిగ్ పేరు ఈ వ్యాసంలో రెండుసార్లు వచ్చిందని పాఠకులు గమనించే ఉంటారు. ఒకే ప్రయోగశాలలోనుండి నవాబుల గోడకు వెండి అద్దమూ, కరువుపని మనిషి గిన్నెలోకి పిడికెడు పప్పూ వచ్చినవి.

ఫలక్‌నుమా నిజాము రాజ్యంలోనిది, బళ్ళారి బ్రిటిష్ ఏలుబడిలోనిది. ఒకదాని ధనం మరొకదాని ఆకలికి నేరుగా సంబంధించినది కాదు. ఆ మాట చెప్పకపోతే చరిత్రకు అన్యాయం చేసినట్లవుతుంది. కాని కరువు రేఖ రాజ్యాల సరిహద్దు చూసుకొని ఆగలేదు. హైదరాబాదు రాజ్యపు జిల్లాలలోనూ అది ఉన్నది.

పుస్తకశాలను గూర్చి ఎక్కువ చెప్పను. దాని కప్పు చెక్కిన అక్రోటు చెక్క. ఇంగ్లండులోని విండ్సర్ కోటలోని కప్పుకు నకలు. చెదలకూ, తేమకూ లొంగకుండా పుస్తకాలను కాపాడడం మన వాతావరణంలో కప్పు చెక్కడం కంటె కష్టమైన పని.

నాకు అన్నిటికంటె ఇష్టమయినది బిలియర్డ్సు గది. అక్కడి బల్ల లండనులోని బరోస్ అండ్ వాట్స్ కంపెనీవారిది. పచ్చని గుడ్డక్రింద ఏమున్నదో తెలుసుకోవాలి. పూర్వం చెక్కబల్లమీద ఆడేవారు. చెక్క తేమ పీల్చి వంగుతుంది; బంతి తనంతట ప్రక్కకు పోతుంది. 1826లో థర్స్టన్ అనే పనివాడు పలకరాతిని పరిచాడు. పలకరాయి మా పిన్నతనంలో మనమంతా వ్రాసుకొన్న మార్కాపురం పలకల జాతిదే: బంకమన్ను గట్టిపడి, ఒత్తిడికి పొరలు పొరలుగా మారిన రాయి. అది వంగదు, ఉబ్బదు. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పుగల బల్లకు రెండంగుళాలకు కాస్త తక్కువ మందం రాయి పరిస్తే, రాతి బరువే ఎనిమిదివందల కిలోగ్రాములు దాటుతుంది. అందుకే బల్ల కాళ్ళు ఏనుగు కాళ్ళవలె ఉంటవి.

అంచులకు రబ్బరు. మొదట పచ్చి రబ్బరు వేస్తే ఇంగ్లండు చలికి అది రాయయింది. ఆడబోయేముందు వేడినీటి గొట్టాలతో కాచేవారు. గంధకం కలిపి కాస్తే రబ్బరు చలికి బిగియదు, ఎండకు కరగదు అని 1839లో అమెరికాలో గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. అటు తరువాత కాని బంతి ప్రతిసారీ ఒకే వేగంతో వెనుకకు రాలేదు.

ఇక బంతులు. అవి దంతానివి. బంతి గురుత్వకేంద్రం సరిగా మధ్యన ఉండాలంటే దంతం నడుమ నరం పోయేచోటనే కోయాలి. ఒక దంతానికి మంచి బంతులు నాలుగైదు మించి రావు. ఆట వ్యాపించినకొద్దీ ఏనుగులు తరిగినవి. దంతం ధర పెరిగింది. 1860 తరువాత అమెరికాలో బిలియర్డ్సు సరుకు అమ్మే కంపెనీ ఒకటి దంతానికి బదులు పదార్థం కనిపెట్టినవారికి పదివేల డాలర్ల బహుమానం ప్రకటించింది. ఆ ప్రకటన చూసి అచ్చుపనివాడైన జాన్ హయట్ ప్రయత్నాలు మొదలుపెట్టాడు. నత్రికామ్లంతో మార్చిన ప్రత్తికి కర్పూరం చేర్చి, వేడిచేసి, ఒత్తి, 1870 నాటికి సెల్యులాయిడును సాధించాడు. అంతకు ముందే, 1862లో, బర్మింగ్‌హాం వాడయిన పార్క్స్ అట్టి పదార్థాన్నే ప్రదర్శించినా అది వ్యాపారంలో నిలువలేదు. సెల్యులాయిడు బంతులు దంతానికి సరితూగలేదన్నది వేరే కథ. కాని దువ్వెనలు, చొక్కా కాలర్లు, చివరకు సినిమా ఫిలిం దానినుండే వచ్చినవి. నేడు లోకాన్ని ముంచెత్తుతున్న ప్లాస్టిక్కు వంశవృక్షం మొదట్లో ఒక ఏనుగు నిలబడి ఉన్నది.

గణితోపాధ్యాయులకు కూడా ఈ బల్లమీద భాగం ఉన్నది. 1835లో కోరియోలిస్ అనే ఫ్రెంచి పండితుడు బిలియర్డ్సు బంతుల గమనంమీద ఒక గ్రంథమే వ్రాశాడు. భూభ్రమణంవల్ల గాలులు ప్రక్కకు వంగడాన్ని ఏ పేరుతో చెబుతామో, ఆ కోరియోలిసే. మన నైరుతి ఋతుపవనాలను వంచే సూత్రమూ, బంతికి గిరక తిప్పే సూత్రమూ ఒక్కచేతినుండి వచ్చినవి. ఇదే బల్లమీద ఆడే స్నూకరు ఆట పుట్టినది ఇంగ్లండులో కాదు. 1875లో జబల్పూరులో సైన్యాధికారుల మధ్య పుట్టిందని ప్రతీతి.

గోడల రంగులను గూర్చి ఒక హెచ్చరిక. ఇంగ్లండు సౌధాలలో ఆ కాలపు పచ్చని గోడకాగితం చూస్తే ముచ్చటపడకండి. 1775లో షీలే కనిపెట్టిన ఆ పచ్చరంగు రాగి, పాషాణం కలిసినది. దానితో అద్దిన కాగితాల గదుల్లో పడుకొన్న పిల్లలు జబ్బుపడడం వైద్యులు గుర్తించారు. గోడకాగితాల చిత్రకారుడుగా పేరుపొందిన విలియం మారిస్ కుటుంబానికి పాషాణం తీసే గనిలో వాటాలుండడం ఆనాటి వింతలలో ఒకటి. 1856లో పదునెనిమిదేళ్ళ పెర్కిన్ కోల్‌తారు నుండి ఊదారంగు తీసిన తరువాత కృత్రిమపు రంగులు ఇళ్ళలోకి ప్రవేశించినవి. పెర్కిన్ నిజానికి రంగుకోసం వెదకలేదు. మలేరియా మందయిన క్వినైనును ప్రయోగశాలలో చేయబోయి ఈ రంగును పొందాడు.

ఈ ఇంటికి నలభై లక్షల రూపాయలు అయిందని ప్రసిద్ధి. ప్రధానమంత్రి అయినా వికారుల్ ఉమ్రా ఆ ఖర్చుకు తట్టుకోలేక అప్పులపాలయినాడు. 1897 ప్రాంతంలో సౌధాన్ని నిజాము తీసుకొన్నాడు. 1902లో వికారుల్ ఉమ్రా మరణించాడు. మహబూబ్ అలీఖాను 1911 ఆగస్టు 29వ తేదీన ఈ ఇంటిలోనే కన్నుమూశాడు. అటు తరువాత ఇది అతిథిగృహంగా ఉండి, 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బసచేసిన పిదప చాలాకాలం మూతపడింది. పదేళ్ళ మరమ్మతుల తరువాత 2010 నవంబరులో హోటలుగా తెరిచారు.

హైదరాబాదు ప్రభువుల ధనమంతా పాలరాతిలో పోయిందని అనుకోరాదు. శస్త్రచికిత్సలో వాడే క్లోరోఫారం గుండెకు ముందు దెబ్బ తీస్తుందా, ఊపిరికా అన్న తగవు తీర్చడానికి 1888లోనూ, 1889లోనూ ఇక్కడ రెండు పరిశోధక సంఘాలు పనిచేసినవి. ఖర్చు నిజాము ప్రభుత్వానిది. వారి నిర్ణయం పూర్తిగా నిలువలేదు గాని, ఆ ప్రశ్నను జంతువులమీద విస్తారంగా పరీక్షించిన తొలి ప్రయత్నాలలో అదొకటి.

సౌధం చేతులు మారిన ఆ 1897లోనే, నగరానికి అవతలి కొసన బేగంపేటలోని చిన్న ఆసుపత్రి గదిలో, సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమలను కోసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తూ ఉండేవాడు. పంకా లాగించుకోవడానికి వీలులేదు. గాలికి దోమ ముక్కలు ఎగిరిపోతవి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి; కంటికటకం పగిలింది. ఆగస్టు 20వ తేదీన దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి జాడ ఆయనకు కనిపించింది. పెర్కిన్ క్వినైను కోసం వెదకి రంగు పొందిన నలభై ఏళ్ళకు ఆ జ్వరం దారి ఇక్కడ తెలిసింది.

విద్యార్థులను తీసుకొనిపోదలచిన ఉపాధ్యాయులకు ఒక సూచన. ఫలక్‌నుమా హోటలు గనుక ముందుగా అనుమతి పొందాలి. ఖర్చుకూడా మన పాఠశాలలకు భారమే. చౌమహల్లా ప్యాలెస్‌కు టిక్కెట్టు కొని ఎవరైనా పోవచ్చు. దాని దర్బారు మందిరంలో పందొమ్మిది బెల్జియం గాజుదీపపు గుత్తులున్నవి. సీసపు గాజును గూర్చి చెప్పినదంతా అక్కడ కంటితో చూసుకోవచ్చు. మా వైపువారికి బెంగుళూరు ప్యాలెస్ 2005 నుండి తెరిచే ఉన్నది. మడకశిరనుండి తెల్లవారి బస్సెక్కితే చీకటిపడేసరికి తిరిగి రావచ్చు. సంచిలో ఒక చిన్న పట్టకమూ, ఒక భూతద్దమూ, రెండు ఉష్ణమాపకాలూ వేసుకొని పోవాలి. నిమ్మకాయ మాత్రం ఇంటివద్దనే ఉంచి, కడప బండ ముక్కకు సరిపెట్టుకోవాలి. పాలరాతిమీద ఒక్క చుక్క పడినా మెరుగు పోతుంది.